తలుపు తట్టి, పది లెక్కపెట్టి

పోయిన మంగళవారం మా కాలేజీలో నా దగ్గర చదివే అమ్మాయి ఒకతె నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఇక్కడే, షామ్‌బర్గ్ ఊళ్ళో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. క్లాసులో నన్ను ప్రొఫెసర్ అంటుంది, గదిలోకి రాగానే ఆంటీని అయిపోతాను. చేతిలో నా పాత థీసిస్ ఉంది. లైబ్రరీ నుంచి తెప్పించుకుందట. ఆ పుస్తకాన్ని నా తర్వాత తెరిచిన మొదటి ప్రాణి ఈ పిల్లేనేమో అని నాకు కాస్త గర్వం, కాస్త సిగ్గు.

"ఆంటీ, ఒక క్వశ్చన్. అక్నాలెడ్జ్‌మెంట్స్ చదివా. అందరి నేమ్స్ ఉన్నాయ్. లాస్ట్‌లో ఒక లేడీ ఉంది, నేమ్ లేదు. ఓన్లీ త్రీ సెంటెన్సెస్. ప్రింటింగ్ మిస్టేకా?"

నాకు చూడక్కర్లేదు. ఆ మూడు వాక్యాలూ నోటికి వచ్చు. ఇంగ్లీషులో రాసినవాటిని తెలుగులో చెబితే ఇంతే: ఆమె తలుపు తట్టింది. పది లెక్కపెట్టింది. లోపలికి వచ్చింది.

"మిస్టేక్ అక్కడ లేదమ్మా. మిగతా రెండు వందల పేజీల వెనక ఉంది, అది నాది," అన్నాను. ఆ పిల్ల నవ్వి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇక చెప్పక తప్పలేదు.

అక్కడి తెలుగువాళ్ళమందరం ఆవిణ్ణి అక్క అనేవాళ్ళం. అప్పటికే ఆవిడకి యాభై దాటాయి. మొదటిరోజు నేను మర్యాదగా "ఆంటీ" అంటే చీపురు ఆపి నా వైపు తిరిగి, "నేను నీకు ఆంటీ ఎట్లయిత? అక్కా అను. అక్కా అంటే పని చేస్త, ఆంటీ అంటే ఛాయ్ పెట్టాల్సొస్తది," అంది. జగిత్యాల వైపు మనిషి. నేనేమో కాకినాడ. ఆవిడ మాట నాకు అలవాటు కావడానికి నెల పట్టింది, నా మాట మాత్రం ఆవిడకి చివరిదాకా సినిమా చూసినట్టే ఉండేది.

సియాటిల్ పక్కన ఒక యూనివర్సిటీలో, మా భవనం నేలమాళిగలో, ఎలుకల గదులు చూసుకునే ఉద్యోగం ఆవిడది. బోన్లు కడగాలి, అడుగున పరిచే పొట్టు మార్చాలి, నీళ్ళు పట్టాలి, ఏదైనా మూలన ముడుచుకుని ఉంటే పై వాళ్ళకి చెప్పాలి. నేను అక్కడ పీహెచ్‌డీ విద్యార్థిని. మనిషి ప్రవర్తనకి ఒంట్లో, మెదడులో పునాదులు ఎక్కడున్నాయన్నది మా చదువు. ఈ ముక్క మేముండే ఊరు బాతెల్‌లో, తలా ఒక వంట తెచ్చుకునే ఏ పాట్‌లక్‌లో చెప్పినా రెండే ప్రశ్నలు వచ్చేవి. ఆడవాళ్ళయితే "అయితే మా ఆయన ఇప్పుడేమనుకుంటున్నాడో చెప్పు", మగవాళ్ళయితే "స్టెమ్ కిందకి వస్తుందా? చదువయ్యాక పని చేసుకోడానికి ఓపీటీ ఎన్నాళ్ళిస్తారు?" మనుషుల గురించి చదువుతూ ఎలుకలతో పని చేస్తానంటే మాత్రం ఇద్దరూ కలిసి జాలిపడేవాళ్ళు.

అక్కకి ఒక పద్ధతి ఉండేది. ఎలుకల గదిలోకి ఎప్పుడూ గబుక్కున వెళ్ళేది కాదు. వేలి కణుపుతో తలుపు మీద రెండుసార్లు తట్టేది. తర్వాత "ఒకటి, రెండు, మూడు" అంటూ పైకే పది లెక్కపెట్టేది. అప్పుడు మెల్లిగా తోసి లోపలికి అడుగు పెట్టేది. ఎన్ని పనులున్నా, వెనక ఎవరు తొందరపెడుతున్నా, పది అంటే పదే.

"ఎలుకలకి తలుపు తట్టడం ఏంటక్కా?" అని అడిగాను.

"మీ ఇంట్లకు ఎవలన్న దబ్బున తలుపు తీసుకొని వస్తే నువ్వేం చేస్తవ్?"

"ఉలిక్కిపడతాను."

"మరి? అవి ఉలికిపడ్డంక నువ్వు పోయి, ఉలికిపడ్డయి అని రాసుకుంటవ్. గదేం చదువు?"

మా ప్రొఫెసరు ఇంత సూటిగా ఏనాడూ చెప్పలేదు. అంత మర్యాద ఎలుకలకే, మనుషులకి లేదు. ప్రొఫెసరు గదైనా, మీటింగ్ జరుగుతున్నా, ట్రాలీ ముందు చక్రంతో తలుపు గుద్ది లోపలికి వచ్చేసేది. "మనుషులకు నోరున్నది కద, వద్దంటే పోత," అనేది.

రెండోది, ఆవిడ నోట్‌బుక్. పొడుగాటి ఖాతా పుస్తకంలాంటిది. ఎడమ పేజీ మీద "చూసింది" అని, కుడి పేజీ మీద "అనుకున్నది" అని తెలుగులో రాసి ఉండేది. ఎడమ పేజీలు నిండిపోయేవి: ఏ బోనులో ఎలుక ఎన్నిసార్లు నీళ్ళు తాగింది, ఏది మూలన కూర్చుంది, ఏ తల్లి పిల్లల్ని నోట కరుచుకుని ఎటు మార్చింది. కుడి పేజీలు దాదాపు అన్నీ ఖాళీ. కాగితం దండగ కాదా అంటే, "ఖాళీ ఉంటెనే గుర్తుంటది, నాకు తెల్వదని," అనేది.

భయపడింది, కోపం వచ్చింది, సంతోషించింది అని రాయకూడదని, కదిలింది, ఆగింది, కొరికింది అని మాత్రమే రాయాలని మాకూ మొదటి ఏడాదే నేర్పారు. మేం దాన్ని లాబ్‌లోకి వెళ్ళేటప్పుడు వేసుకుని, వచ్చేటప్పుడు తీసేసే కోటులా వాడేవాళ్ళం. అక్క ఇంటికి కూడా వేసుకుపోయేది.

బాతెల్‌లో ఒకరింట్లో భోజనాల దగ్గర ఒక పెద్దావిడ తన కోడలి గురించి మొదలుపెట్టింది. "దానికి నేనంటే అస్సలు లెక్కలేదండీ."

అక్క పప్పు వడ్డించుకుంటూ అడిగింది: "ఏం చేసింది?"

"చేయక్కర్లేదు, చూపులోనే తెలిసిపోతుంది."

"చూపు ఎటుండె? మీ దిక్కా, ఫోన్ దిక్కా?"

"అబ్బా, ఆ మూతి తిప్పడం చూస్తే చాలదూ!"

"ఎన్నిమాట్ల తిప్పింది? మీరు మాట్లాడినంకనా, మాట్లాడకముందా?"

ఆ పెద్దావిడ పళ్ళెం తీసుకుని వేరే గదిలోకి వెళ్ళిపోయింది. అక్క నా వైపు చూసి, "లేచింది, పోయింది. ఎందుకు పోయిందో నాకు తెల్వది," అంది. నవ్వలేక నా పొట్ట చెక్కలయింది.

ఆవిడ జుట్టు ఎప్పుడూ చీపురుకట్టలా ఉండేది. నూనె చుక్క ఉండేది కాదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పూలు కూడా పెట్టుకునేది కాదు. పొదుపు మనిషి కాబోలు అనుకున్నాను. కారణం అడగలేదు. అడిగి ఉంటే నా చదువులో ఒక ఏడాది మిగిలేది.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్తాను. నేను ఉమ్మడి కుటుంబంలో పెరిగాను. అమ్మ ఒక చేత్తో, పెద్దమ్మ రెండు చేతులతో పెంచారు. నేను ధైర్యంగా ఇంత దూరం వచ్చానంటే పెద్దమ్మ వల్లేనని నా నమ్మకం. సరే, దాన్ని రుజువు చేద్దామని పడ్డాను. కొన్ని ఎలుక పిల్లల్ని ఒకే గూటిలో ఇద్దరు తల్లులతో పెంచాను, కొన్నిటిని ఒక్క తల్లితో. వాటికి ఉమ్మడి కాపురం, వేరు కాపురం అని నేనే పేర్లు పెట్టుకున్నాను. పెద్దయ్యాక ఒక్కోదాన్ని పెద్ద ఖాళీ పెట్టెలో వదలాలి. ఎలుక గోడ పట్టుకుని తిరుగుతుందా, నడిమధ్యకి వస్తుందా అని లెక్కపెట్టాలి. భయం ఎక్కువున్నది గోడ వదలదన్నది మా లెక్క.

ఫలితం చూసి నా నెత్తిన పాలు పోసినట్టయింది. ఉమ్మడి కాపురం పిల్లలు పెట్టె నడిమధ్యకి వచ్చి, వెనక కాళ్ళ మీద లేచి, దిక్కులు చూసేవి. వేరు కాపురంవి గోడ వదిలితే ఒట్టు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఆ గ్రాఫులు చూసి మా ప్రొఫెసరు కూడా మురిసిపోయాడు. ఆయన గంభీరమైన మనిషి, తెల్ల గడ్డం, మాట తక్కువ. "రెండు గుంపులనీ కలిపి, రోజులు మార్చి మార్చి చేస్తున్నావు కదా?" అని ఒకసారి అడిగాడు. నేను మన పద్ధతిలో తల ఊపాను. అది ఆయనకి అవునన్నట్టు కనబడింది. నా లెక్కలో అది చూద్దాంలెండి అన్నట్టు.

ఎందుకంటే నేను కలపలేదు. బుధ, ఆదివారాలే నాకు కుదిరేవి. బుధవారం పాఠాలు చెప్పే పని కూడా ఉండేది కాబట్టి తక్కువ ఎలుకలున్న వేరు కాపురం గది ఆ రోజు. ఆదివారం తీరిక కాబట్టి ఉమ్మడి కాపురం గది. చిన్నప్పటి నుంచీ వాటి బరువు తూచడమూ అంతే, పెద్దయ్యాక పెట్టెలో వదలడమూ అంతే. ఎలుకలకి వారాలేం తెలుసు అనుకున్నాను.

జూన్‌తో నాకు జీతమిచ్చే గ్రాంటు అయిపోతుంది. ఈలోపు థీసిస్ అయితే పట్టా. కాకపోతే డబ్బు లేదు, డబ్బు లేకపోతే సీటు లేదు, సీటు లేకపోతే వీసా లేదు. అంతా సవ్యంగా ఉంది కాబట్టి జనవరిలో నాకు ఏ దిగులూ లేదు. ఆదివారాలు ఈల వేసుకుంటూ లాబ్‌కి వెళ్ళేదాన్ని.

అలాంటి ఒక ఆదివారం అక్క వరండాలో నన్ను ఆపింది.

"పిల్లా, నీ తలకేం పెట్టినవ్?"

"నూనె. మా పెద్దమ్మ కాచి పంపిస్తుంది. కొబ్బరి నూనెలో మందారాకు, మెంతులు, గోరింటాకు."

"ప్రతి ఆదివారం పెడ్తవా?"

"అవునక్కా. పెట్టుకుని వచ్చేస్తాను. ఇక్కడ మూడు గంటల పని, నూనె నానడానికీ మూడు గంటలు. ఇంటికెళ్ళి తలంటు పోసుకుంటాను. ఒక దెబ్బకి రెండు పిట్టలు."

సెంటు పూసుకుని లోపలికి రాకూడదని తలుపు మీద పెద్దక్షరాలతో బోర్డు ఉంది. నేను జన్మలో సెంటు పూసుకోలేదు, అందుకు నాకు గర్వం కూడా. తల నూనె సెంటు అవుతుందని మన ఇళ్ళల్లో ఎవరనుకుంటారు?

అక్క నోట్‌బుక్ తెరిచి ఏదో చూసుకుంది. "నువ్వు ఆదివారం గదిలకు రాంగనే అవి బోను ముందుకొస్తయి. నువ్వు ఇంకా ఏం చేయకముందే. బుధవారం పెన్ను మర్చిపోయిన్నని అదే గదిలకు వస్తవ్ చూడు, అప్పుడు వెనకకు పోతయి. దీపావళి బుధవారం వచ్చింది, గుర్తున్నదా? ఆనాడు నీ తలకు నూనె వాసన ఉండె. ఆనాడు ముందుకొచ్చినయ్."

"గ్లోవ్స్ వేసుకుంటాను, టోపీ పెట్టుకుంటాను. వాసన ఎక్కడిది?"

"నీ చేతులకు గ్లోవ్స్ ఉన్నయి. వాటి ముక్కులకు లేవు కద."

నాకు అర్థం కాకపోవడమేం, ఆ క్షణంలోనే అర్థమైంది. పుట్టినప్పటి నుంచీ ఆ వాసనకి అలవాటుపడిన ఎలుకలు. అదే వాసన ఉన్న రోజునే పెట్టెలో వదిలాను. అవి నడిమధ్యకి వచ్చింది ఇద్దరు తల్లుల వల్లో, నూనె వల్లో ఇప్పుడెలా తెలుస్తుంది? అర్థమైంది కాబట్టే ఒళ్ళు మండింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకాన్ని కదా. నోరు జారాను.

"మీరు బోన్లు కడగడానికి వచ్చారు. నా డేటా చూడ్డానికి కాదు."

వరండా అంతా వినబడేలా అన్నాను. అక్క నోట్‌బుక్ మూసింది. మిగిలిన నీళ్ళ సీసాలు నింపింది. ఎప్పట్లాగే రెండుసార్లు తట్టి, పది లెక్కపెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. నేను ఇంటికి వెళ్ళి తలంటు పోసుకుని, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. నేనంత మాట అన్నానని పెద్దమ్మకి తెలిస్తే చెంప పగలగొట్టేది. అంతకన్నా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ రోజంతా నా బుర్రలో తిరిగింది ఆవిడకన్న మాట కాదు. ఆవిడ ఎవరికైనా చెబుతుందా, చెప్పకపోతే ఇది ఇలాగే గడిచిపోతుందా అన్నది. గడిచిపోయేదే. ఎవరికీ తెలిసేది కాదు.

సోమవారం పొద్దున మా విద్యార్థుల గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. అందరూ క్లాసులకి వెళ్ళారు. లాప్‌టాప్ మీద ఆ గ్రాఫు అలా వెలుగుతోంది. తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది.

"రండి," అన్నాను. ఎవరూ రాలేదు. తలుపు అవతల నుంచి సన్నగా వినబడింది: "మూడు, నాలుగు, ఐదు."

నేను కదల్లేదు. పది అయ్యాక తలుపు మెల్లిగా తెరుచుకుంది. అక్క. నేనక్కడున్న నాలుగేళ్ళలో మనుషులున్న గది తలుపు ఆవిడ తట్టడం అదే మొదటిసారి. చేతిలో ట్రాలీ కూడా లేదు. నోట్‌బుక్ నా బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే చెప్పింది.

"నీ ఆదివారం గదిల ఇంకా పెట్టెలకు దిగని ఎలుకలు పన్నెండున్నయి గద. ఈ ఆదివారం నూనె పెట్టకుండ రా, ఆరింటిని దించు. వచ్చే ఆదివారం పెట్టుకొని రా, ఆరింటిని దించు. నేను చెప్పుడు, నువ్వు చెప్పుడు ఎందుకు? అవే చెప్తయి."

ఆవిడ వెళ్ళిపోయాక నోట్‌బుక్ తిరగేశాను. నెలల తరబడి ఆదివారాలు, బుధవారాలు. "పిల్ల వచ్చింది. ఎలుకలు ముందుకు." "పిల్ల వచ్చింది. ఎలుకలు వెనక్కి." దీపావళి నాటి కుడి పేజీ మీద ఒకే ఒక్క మాట, "నూనెనా?" అని. చివర నిన్నటి తారీఖు ఉంది. చూడాలంటే భయమేసింది, చూశాను. ఎడమ పేజీలో ఇలా రాసుకుంది: "పిల్లకు చెప్పిన. పిల్ల గొంతు పెద్దగ చేసింది. మొకం ఎర్రగైంది. చేతులు వణికినయ్."

కుడి పేజీ ఖాళీగా ఉంది. పొగరు అని రాయొచ్చు. నన్ను తక్కువ చేసింది అని రాయొచ్చు. నేనైతే రెండు పేజీలు నింపేదాన్ని. నా చేతులు వణికాయని నాకే తెలియదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను.

ఆదివారం నూనె లేకుండా వెళ్ళాను. ఆరు ఎలుకలూ గోడ వదల్లేదు. ఆ తర్వాతి ఆదివారం పెద్దమ్మ నూనె దట్టంగా పట్టించుకుని వెళ్ళాను. ఆరూ దర్జాగా నడిమధ్యకి వచ్చి, లేచి నిలబడి, నా వైపు చూశాయి. నా ఉమ్మడి కాపురం కూలిపోయింది. పెట్టె మీద పెట్టిన కెమెరా తెర ముందు అలాగే నిలబడిపోయాను. అక్క వెనక నుంచి వచ్చి నా మొహం ఒకసారి చూసింది.

"కండ్లల్లకెళ్ళి నీళ్ళు కారుతున్నయి. పదకొండున్నరైంది. దా, తిందాం."

సర్వపిండి తెచ్చింది. ఇద్దరం బయట వాన పడని మూల చూసుకుని కూర్చున్నాం. తింటూ అడిగాను. "ఆ రోజు మా గది తలుపు ఎందుకు తట్టారక్కా?"

"బెదిరినదాని దగ్గరికి దబ్బున పోవద్దు," అని ఇంకో ముక్క నా డబ్బాలో వేసింది.

సారీ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు తన గురించి తాను ఎప్పుడూ చెప్పనిది చెప్పింది. "నేను ఈడికి డిపెండెంట్ వీసా మీద వచ్చిన. తొమ్మిదేండ్లు పనిలేదు. పెద్ద ఇల్లు, రెండు కార్లు, అందరు నేను మస్తు సంతోషంగున్న అనుకున్నరు. పొద్దంత కిటికీ కాడ నిలబడేదాన్ని. ఎవలన్న ఒక్కరు, కిటికీ కాడ నిలబడ్డది అని రాసుకుంటే తెలుస్తుండె." అంతే. తర్వాత మూత పెట్టి, వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కుని పనిలోకి వెళ్ళిపోయింది. ఎలుకల దగ్గరికి ఏ వాసనా మోసుకుపోని మనిషి, ఆ ఎండు జుట్టుకి కారణం ఇక అడగాల్సిన పని లేకపోయింది.

ఆ మధ్యాహ్నమే ప్రొఫెసరుకి ఉత్తరం రాసి, మర్నాడు వెళ్ళి అంతా చెప్పాను. తల ఊపిన సంగతితో సహా. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. వీసా, సీటు, పెట్టె సర్దుకోవడం, అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. చివరికి ఒకే మాట అడిగాడు: "దీన్ని పట్టుకున్నది ఎవరు?"

చెప్పగానే లేచి నేరుగా నేలమాళిగకి నడిచాడు. వెనకాలే నేను. ఎలుకల గది తలుపు మీద చెయ్యి వేసి తోయబోయాడు. లోపలి నుంచి కాదు, మా వెనక నుంచి అక్క గొంతు వినబడింది.

"నో, నో. నాక్. దెన్ టెన్."

ఆరడుగుల మనిషి, పేరున్న మనిషి, రెండుసార్లు తట్టి, చెప్పినట్టు పది లెక్కపెట్టాడు. ఆరు దగ్గర కాస్త తొందరపడితే అక్క గొంతు సవరించుకుంది. ఆయన మళ్ళీ ఐదు నుంచి మొదలుపెట్టాడు. నా జీవితం తేలిపోతున్న రోజున నాకు ఫక్కున నవ్వొచ్చింది. వాళ్ళిద్దరూ ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నారు, నేను తెలుగు నుంచి ఇంగ్లీషు చేస్తూ నిలబడ్డాను. వారం తిరక్కుండా పాఠాలు చెప్పే పని ఇంకో ఏడాదికి ఆయనే ఇప్పించాడు. సీటు నిలిచింది, వీసా నిలిచింది. ఆ ఏడాది నుంచి ఆ అంతస్తులో అందరూ తట్టి, పది లెక్కపెట్టే లోపలికి వెళ్ళేవాళ్ళు.

అన్నీ మళ్ళీ మొదటి నుంచి చేశాను. రెండు గుంపులనీ కలిపి, రోజులు మార్చి, తలకి నూనె లేకుండా. ఉమ్మడి కాపురం గొప్పదని ఎలుకల చేత అనిపిద్దామని చూశాను, అవి ససేమిరా అన్నాయి. రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. కానీ పుట్టినప్పటి నుంచీ ఎరిగిన వాసన ఉంటే ఎలుక గోడ వదిలి వస్తుందన్నది మాత్రం నిలబడింది. చివరికి అదే నా థీసిస్ అయింది.

పెద్దమ్మకి ఫోన్ చేసి, నీ నూనె వల్ల నాకు ఏడాది పోయిందన్నాను. ఆవిడ అంతా విని, "అంటే ఆ వాసన తగిలితే ధైర్యంగా బయటికొచ్చాయన్నమాట! మరి పాపం వాటికి మానిపించేశావేంటే? ఇంకో సీసా పంపనా?" అంది. అక్కకి ఈ మాట చెబితే, ఆవిడ నేను చూస్తుండగా మొదటిసారి నోట్‌బుక్ కుడి పేజీ మీద ఏదో రాసుకుంది. నాకు చూపించలేదు.

థీసిస్ పూర్తయ్యాక ధన్యవాదాల పేజీ రాశాను. అక్క గురించి పెద్ద పేరా. ఆమె ఓపిక, ఆమె ప్రేమ, ఆమె పెద్ద మనసు. కన్నీళ్ళు పెట్టుకుంటుందేమోనని రుమాలు కూడా దగ్గర పెట్టుకున్నాను. అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివి, నా చేతిలో పెన్ను లాక్కుంది.

"ఓపిక నీకు ఏడ కనబడ్డది?" కొట్టేసింది. "ప్రేమ ఎన్ని సెకండ్లుండె?" కొట్టేసింది. "పేరు గూడ తీసెయ్. పేరు తోని చదివేటోళ్ళకు ఏం తెలుస్తది? నేనేం చేసిన్నో గది రాయి."

రాత్రంతా కూర్చుంటే మూడు వాక్యాలు మిగిలాయి. మర్నాడు చూపించాను. పెన్ను తీసింది, చాలాసేపు పట్టుకుంది, ఏమీ కొట్టేయకుండా తిరిగి ఇచ్చేసింది. పట్టా వచ్చిన రోజు పార్టీలో, "సంతోషమేనా అక్కా?" అని ఏడిపించడానికి అడిగితే, "రెండు లడ్లు తిన్న. మూడోది చేతిలున్నది. రాసుకో," అంది.

ఇప్పుడు డబ్లిన్‌లో కూతురి దగ్గర ఉంటోంది. పని మానేసింది. ఈ మధ్య ఫోటో పంపింది. జుట్టు నల్లగా, నున్నగా, నూనెతో నిగనిగలాడుతోంది, చెవి పక్కన గులాబీ పువ్వు. పెద్దమ్మ నూనె సీసాలు ఇప్పుడు కాకినాడ నుంచి రెండు వస్తాయి, ఒకటి నాకు, ఒకటి డబ్లిన్‌కి.

ఇదంతా చెప్పి ముగించేసరికి ఆ అమ్మాయి తర్వాతి క్లాసుకి టైమ్ దాటిపోయింది. కదల్లేదు. "కానీ ఆంటీ, మీరు అంత మీన్‌గా అన్నారు కదా. ఆమెకి కోపం రాలేదా? ఎప్పుడూ అడగలేదా మీరు?"

"అడిగానమ్మా, పట్టా వచ్చాక ఒకసారి. నా చెంప మీద చెయ్యి వేసింది, తీసింది."

"సో మీకు తెలీదు."

"కోపం వచ్చిందో లేదో, బాధపడిందో లేదో నాకు తెలీదు," అన్నాను. "మర్నాడు పొద్దున ఏం చేసిందో మాత్రం తెలుసు."

ఆ పిల్ల థీసిస్ మళ్ళీ తెరిచి ధన్యవాదాల పేజీ తీసింది. ఈసారి ఆ మూడు వాక్యాల కింద వేలు పెట్టి, ఒక్కొక్కటీ మెల్లిగా చదువుకుంది.